పట్టణ వృక్షములు – వాని పాలన: వేలూరు, గుడియాత్తముల విషయమున ఒక పరిశీలన

వేలూరును గూర్చి ఒక పాతమాట తమిళుల యిండ్లలోను, మన తెలుగిండ్లలోను తరచుగా వినబడుచుండును. రాజులేని కోట, దేవుడులేని గుడి, నీరులేని నది, చెట్టులేని కొండ - ఇవి ఆ యూరి లక్షణములట. ఇందలి లోపములలో నొకటి మనకాలముననే తీరినది. కోటలోని జలకంఠేశ్వరాలయమున 1981 మార్చి నెలలో లింగము మరల ప్రతిష్ఠింపబడి, ఇప్పుడు నిత్యపూజలు జరుగుచున్నవి. రాజు మరల రాడు. వచ్చినను మనకు పనిలేదు. పాలారున నీరు ప్రవహించుట కర్ణాటకమునుండి ఆంధ్రమును దాటి వచ్చు మూడు రాష్ట్రముల వ్యవహారము గనుక ఒక్క యూరివారి వశమున లేదు. ఇక మిగిలినది చెట్టు. అది మాత్రము మన వీధిలో, మన గడపముందు, మనము చేయు పనినిబట్టి బ్రతుకునది లేక చచ్చునది.

ఆ యూరి పేరే చెట్టునుండి వచ్చినదని పలువురి మతము. తమిళమున 'వేల మర'మనగా మన తుమ్మచెట్టు. తుమ్మలు దట్టముగా నుండిన చోటు గనుక వేలూరైనదందురు. సుబ్రహ్మణ్యస్వామి చేతి 'వేల్' నుండి వచ్చినదను వారును కలరు. ఈ వివాదము భాషావేత్తలకు వదలి, చెట్టునకును పట్టణపాలనకును గల సంబంధమును, అనగా చెట్టు నాటుటకు, కొమ్మలు నరకుటకు, మొదలంట కొట్టుటకు నేడు అమలులోనున్న నియమములను ఇచట విచారింపదలచితిని. ఈ విషయము మన సంఘసభ్యులకు అప్రస్తుతము కాదు. గుడియాత్తములో నేతవారు పడుగును వీధిలో బారుగా చాపి గంజి పెట్టుటకు ప్రాతఃకాలపు చెట్టునీడయే కావలెను. ఎండ పొడసూపినచో గంజి ముందుగా నారి దారము పెళుసెక్కును. మధ్యాహ్నపుటెండ నలువది డిగ్రీల సెల్సియస్ దాటు వేసవిదినములు ఈ ప్రాంతమున సాధారణము. ఇట్టిచోట ఒక వేపచెట్టు పోయినచో వీధివారందరికిని నష్టము. అయినను ఆ చెట్టు ఎవరిది, దానిని కొట్టువారికి అధికారమెక్కడిది అని యడిగినచో సమాధానము చెప్పగలవారు వీధికొకరైనను దొరకుట కష్టము.

పట్టణవృక్షములకు శాసనరక్షణ కల్పించుట పాశ్చాత్యులవలన నేర్చినదని కొందరు తలంచుచుందురు. ఇది సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణమునందు నగరోపవనములలో పూలు, పండ్లు, నీడ ఇచ్చు చెట్లకు హాని చేసినవారికి దండనక్రమము చెప్పబడినది. చిగుళ్లు త్రుంచినచో 6 పణములు, చిన్నకొమ్మలు నరకినచో 12 పణములు, పెద్దకొమ్మలు నరకినచో 24 పణములు. మ్రాను కొట్టినచో పూర్వసాహసదండము, పెల్లగించినచో మధ్యమసాహసదండము. సరిహద్దుల యందలి చెట్లకును, పుణ్యస్థలములందలి చెట్లకును ఈ దండన రెట్టింపు. చిగురునకు, కొమ్మకు, మ్రానునకు వేర్వేరుగా వెలకట్టిన ఈ వివేకము గమనింపదగినది. ఇప్పటి మన శాసనములలో పెక్కింటికి కొమ్మకును మ్రానునకును నడుమ భేదమే తెలియదు. బాటల కిరుప్రక్కల చెట్లు నాటించితినని అశోకుడు తన రెండవ శిలాశాసనమున చెప్పుకొనెను. ఆ శాసనము కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడియందును చెక్కబడియున్నది గనుక ఆ మాట మన తెలుగునేలపై ఇరువదిరెండు శతాబ్దములకు పైగా నిలిచియున్నదన్నమాట.

ఇక వర్తమానమునకు వత్తము. ఏ చెట్టు విషయమున నైనను మొదట అడుగవలసిన ప్రశ్న, అది నిలిచియున్న నేల ఎవరిది అనునది. సామాన్యుడు చెట్టును నాటి నీరుపోసినవానిదిగా భావించును. శాసనము నేలనుబట్టి చూచును. ఇంటి ప్రహరీలోపల, పట్టా భూమిలో నున్న చెట్టు పట్టాదారునిది. ప్రహరీకి వెలుపల, కాలువకును రోడ్డునకును నడుమ మనమే నాటి, మనమే కంచెకట్టి, పదిసంవత్సరములు పెంచిన చెట్టు మనది కాదు. అది వీధి ఎవరి స్వాధీనమో వారిది. వీధి వేలూరులో కార్పొరేషనునది కావచ్చును, గుడియాత్తములో మునిసిపాలిటీది కావచ్చును, రాష్ట్ర రహదారుల శాఖదో జాతీయ రహదారులవారిదో కావచ్చును. చెరువుగట్టు, ఏటియొడ్డు, కాలువగట్టు పొరంబోకు భూములు గనుక అచటి చెట్లు ప్రభుత్వమువి. వేలూరు కోటలోపలి చెట్ల విషయమున కార్పొరేషనునకు మాట లేదు. కోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనున్నది. రైలుమార్గము ప్రక్కనున్న చెట్టు పట్టాలపై పడునట్లున్నచో దానిని తొలగించుటకు 1989 నాటి రైల్వేల చట్టము రైల్వేవారికి వేరుగా అధికారమిచ్చినది. ఒకే వీధిలో నూరు గజముల దూరమున నిలిచిన మూడు చెట్లకు ముగ్గురు యజమానులుండుట వింతకాదు.

ఇచట మద్రాసు రెవెన్యూ పద్ధతిలోని ఒక పాతయేర్పాటును చెప్పకుండ దాటిపోరాదు. దానిని 2-సి పట్టా యందురు. పొరంబోకు నేలమీద చెట్లు నాటి పెంచినవారికి నేలపై హక్కు లేకుండగనే, ఆ చెట్ల ఫలమును అనుభవించు హక్కును మాత్రము ఇచ్చు పట్టా యిది. రెవెన్యూ బోర్డువారి స్టాండింగ్ ఆర్డర్లలో దీనికి చోటున్నది. నేల ప్రభుత్వముది, చింతపండు నాటినవానిది అను ఈ న్యాయము ఎంత సూక్ష్మమైనదో యోచింపుడు. పేదవానికి భూమి నీయలేని ప్రభుత్వము నీడనైనను ఇచ్చెను. అతనికి ఫలమున్నంతకాలము చెట్టును కాపాడుకొను ఆసక్తియు నుండెను. రహదారుల వెంబడి చింతచెట్ల ఫలసాయమును ఏటేట వేలమువేయు పద్ధతియు ఇట్టిదే. చింతపండు పాడుకొన్నవాడు కాపుకాలములో చెట్టునకు కావలివాడగును. వేలమువలన వచ్చు ఆదాయము తగ్గినకొలది చెట్టుమీది శ్రద్ధయు తగ్గినదని నా యభిప్రాయము. రహదారి విస్తరణమునకు చింతచెట్టు అడ్డమైనప్పుడు దాని పక్షమున మాటాడు పాటకాడు ఇప్పుడు లేడు.

తమిళనాట చెట్లను గూర్చిన శాసనము ఒక్కటిగా లేదు. ఢిల్లీలో 1994 నాటి వృక్షసంరక్షణ చట్టము, కర్ణాటకములో 1976 నాటి చట్టము, మహారాష్ట్ర పట్టణములకు 1975 నాటి చట్టము ఉన్నవి. వాని ప్రకారము సొంతస్థలమునందలి చెట్టును కొట్టుటకును సాధారణముగా అధికారి యనుమతి కావలెను. తమిళనాట అట్లు మైదానప్రాంతములందలి పట్టణములకెల్ల వర్తించు వృక్షచట్టము లేదు. కొండప్రాంతములకు మాత్రము 1955లోనే ప్రత్యేకచట్టము చేయబడినది. ఆ చట్టము చేసినప్పుడు ముఖ్యమంత్రిగా నున్న కామరాజనాడారు 1954 ఉపయెన్నికలో శాసనసభకు గెలిచినది గుడియాత్తమునుండియే యని మన గుడియాత్తమువారు సగర్వముగా చెప్పుకొందురు. తమ ప్రతినిధి ముఖ్యమంత్రిగా నుండగా కొండచెట్లకు దొరకిన రక్షణ తమ వీధిచెట్లకు దొరకకపోవుటను గూర్చి మాత్రము వారు ఆలోచించినట్లు లేదు.

పట్టణములకు సంబంధించినంతవరకు చెట్ల ప్రస్తావన మునిసిపల్ చట్టములలో విడివిడిగా నున్నది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము, అపాయకరముగా వ్రాలిన చెట్టును కట్టుదిట్టము చేయించుటకును, వీధిలోనికి పెరిగిన కంచెలను కొమ్మలను యజమానిచేత కత్తిరింపించుటకును మునిసిపాలిటీకి అధికారమిచ్చెను. ఆంధ్రప్రదేశమున 1965 వరకు ఆంధ్రప్రాంతపు పురపాలకసంఘములను పాలించినదియు ఈ చట్టమే. తరువాత వచ్చిన 1965 నాటి పురపాలకచట్టమునందును ఈ ప్రకరణములు ఇంచుమించుగా అట్లే నిలిచినవి. చిత్తూరునకును గుడియాత్తమునకును చెట్లవిషయమున ఒకే తల్లి అనవచ్చును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరును ఉత్తరార్కాడు జిల్లాలోనిదే గదా. గుడియాత్తము వంటి మునిసిపాలిటీలలో 1920 నాటి చట్టము శతాబ్దము దాటి పనిచేసి, 2023 ఏప్రిల్ 13 నుండి 1998 నాటి పట్టణ స్థానికసంస్థల చట్టమునకును, దానిననుసరించి వచ్చిన 2023 నియమములకును చోటిచ్చినది. 2008లో కార్పొరేషనైన వేలూరును నేడు ఈ చట్టము క్రిందనే యున్నది. ఈ చట్టముల దృష్టిలో చెట్టు ప్రధానముగా అపాయహేతువు, వీధికి అడ్డము, మీద పడునది. నీడనిచ్చునదిగా చెట్టును చూచు కన్ను పాత మునిసిపల్ శాసనములకు లేదు.

ఈ లోటును కొంతవరకు తీర్చినది 2021లో తమిళనాడు ప్రభుత్వము ఏర్పాటుచేసిన హరితసమితులు. రాష్ట్రమునకొకటి, జిల్లాకొకటి చొప్పున ఇవి ఏర్పడినవి. జిల్లాసమితికి కలెక్టరు అధ్యక్షుడు. అటవీశాఖాధికారికి అందు ముఖ్యస్థానము. ప్రభుత్వభూములలోను, బహిరంగస్థలములలోను నున్న చెట్టును ఏ శాఖవారు కొట్టదలచినను ఈ సమితి ముందుకు రావలెను. చెట్టును కొట్టకుండ పని సాగించు మార్గము లేదా, వేళ్లతో పెకలించి వేరొకచోట నాటవచ్చునా యని మొదట విచారింపవలెను. కొట్టక తప్పనిచో ఒక చెట్టునకు పది మొక్కలు నాటవలెనను షరతు కలదు. ఈ పదింటి లెక్క వినుటకు సొంపుగా నున్నది. కాని అరువదేండ్ల రావిచెట్టు ఒకదానికి గుప్పెడంత మొక్కలు పది యెట్లు సాటియగును? మొక్క నాటిన దినమున ఛాయాచిత్రము తీయుదురు. మూడవవేసవికి అందెన్ని బ్రతికినవో లెక్కవ్రాయువారు అరుదు. తెలంగాణమున 2019 నాటి పురపాలకచట్టము ఈ యంశమును పట్టుకొన్నది. పురపాలకసంఘపు బడ్జెటులో నూటికి పదివంతులు పచ్చదనమునకు కేటాయింపవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు, ఆ బాధ్యత ఎన్నికైనవారిమీదను అధికారులమీదను ఉండుననియు అందు నిబంధించిరి. అమలు మాట ఎట్లున్నను, నాటుటను గాక బ్రతికించుటను కొలమానముగా తీసికొన్నది మెచ్చదగియున్నది.

గుడియాత్తమునుండి చిత్తూరు త్రోవను పరదరామి దాటి సరిహద్దు నతిక్రమించినచో వేరొక శాసనలోకమున ప్రవేశింతుము. ఆంధ్రప్రదేశమున 2002లో చేయబడి, రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమునందును నిలిచిన నీరు-భూమి-చెట్ల చట్టమును జనులు 'వాల్టా' యని వ్యవహరింతురు. దాని ప్రకారము మినహాయింపబడిన జాతులు తప్ప తక్కిన చెట్లను, అవి సొంతభూమిలోనివైనను, నియుక్తాధికారి యనుమతి లేక కొట్టరాదు. సరిహద్దునకు ఇవతల నొక వేపచెట్టు యజమాని ఇష్టముమీద పడిపోవును. అవతల అదే వయసుగల వేపచెట్టునకు అర్జీ కావలెను. రెండు ఊళ్లలోను మాటాడునది తెలుగే, చెట్టును వేపయే. శాసనము మాత్రము వేరు. 2025 ఏప్రిల్ 3వ తేదీన హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి భూమిలో చెట్లు కొట్టుటను సుప్రీముకోర్టు తనంతతానుగా విచారణకు గైకొని నిలిపివేసినప్పుడు, వాల్టా అనుమతులు తీసికొనిరా లేదా అను ప్రశ్న ముందుకు వచ్చినది. తమిళనాట పట్టా భూమియం దట్టి సంఘటన జరిగినచో అడుగుటకు అట్టి ప్రశ్నయే లేదు.

అయినను వాల్టా వంటి చట్టమును తెచ్చి తమిళనాట నాటినచో సర్వము చక్కబడునని నే ననుకొనను. ఇంటిపెరటిలో చెట్టు నాటినచో రేపు దానిని తీయుటకు అధికారుల చుట్టు తిరుగవలసివచ్చునను భయమున, అసలు నాటుటయే మానుకొన్న గృహస్థుల నెరుగుదును. చందనమే దీనికి గొప్ప నిదర్శనము. జవ్వాది కొండలు శ్రీగంధమునకు ప్రసిద్ధములు. ఆ కొయ్యను నిలువచేసి వేలమువేయు ప్రభుత్వపు డిపో తిరుపత్తూరులో నున్నది. ఆ పట్టణము 2019 వరకు వేలూరు జిల్లాలోనిదే. పట్టాభూమిలో పెరిగిన శ్రీగంధమునైనను యజమాని తనంత కొట్టి అమ్ముకొనరాదు. అటవీశాఖద్వారా కొట్టించి, విక్రయపు సొమ్ములో తన భాగమును పొందవలెను. దొంగలభయ మొకవంక, కాగితముల భయ మొకవంక. ఫలితముగా శ్రీగంధపుగడ్డయని పేరుగాంచిన చోటనే పెరటిలో శ్రీగంధము పెంచువారు అరుదైరి. తాటిచెట్టు సంగతి వేరు. అది తమిళనాటి రాష్ట్రవృక్షము. ఇటుకబట్టీలకు కట్టెలుగా తాళ్లు కూలుచుండుట చూచి, 2021 ఆగస్టు నాటి వ్యవసాయ బడ్జెటులో, కలెక్టరు అనుమతి లేక తాడిని కొట్టరాదని ప్రకటించిరి. విరించిపురపు మార్గబంధుస్వామి యాలయమున తాడియే స్థలవృక్షము గనుక మనవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఇక కొట్టిన కలపను బండిమీద తరలించుటకు 1968 నాటి కలప రవాణా నియమములు అడ్డువచ్చును. కొన్ని జాతులకు మినహాయింపున్నది, తక్కినవానికి అటవీశాఖవారి రవాణాచీటి కావలెను. చెట్టు కొట్టుటకు అనుమతి యక్కరలేనిచోట గూడ కలప తరలించుటకు చీటి కావలసియుండవచ్చునను సంగతి మరచి చిక్కులలో పడువారు పెక్కుమంది.

పట్టణవాసి నిత్యజీవితమున ఎక్కువగా ఎదుర్కొనునవి మూడు తగవులు: పడిపోవునట్లున్న చెట్టు, విద్యుత్తీగలకు తగులు చెట్టు, పొరుగువాని చెట్టు. వీనిని కొంచెము విపులముగా చెప్పెదను.

పడిపోవునట్లున్న చెట్టు విషయమున శాసనము స్పష్టముగా నున్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 133వ సెక్షనుగా నుండి, 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా మారిన నిబంధన యిది. ఇరుగుపొరుగువారిమీదనో, దారిన పోవువారిమీదనో పడి హాని చేయునట్లున్న చెట్టును గూర్చి సమాచారమందినచో ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటు, అనగా సాధారణముగా మన ఆర్.డి.ఓ. లేక తహసీల్దారు, దాని యజమానికి షరతుగల ఉత్తరువు పంపవచ్చును. ఉత్తరువు పొందినవాడు పాటింపవలెను, లేదా హాజరై తన యాక్షేపణ చెప్పుకొనవలెను. ఇందొక సూక్ష్మము కలదు. శాసనవాక్యమున చెట్టును 'తొలగించుట' యని మాత్రమే గాక 'ఊత యిచ్చుట' యనియు నున్నది. ఒరిగిన చెట్టునకు ఊతకొయ్య పెట్టి నిలుపుటయు శాసనసమ్మతమైన పరిష్కారమే. ఈ రెండవమాటను అర్జీలలో ఎవరును వ్రాయరు. వ్రాయరు గనుక ఉత్తరువులలోను కనబడదు. చెట్టును నిలువనీయవలెనను పొరుగువాడు ఆక్షేపణ చెప్పుకొనునపుడు ఈ ఒక్కమాట నాధారముగా చేసికొనవచ్చును.

విద్యుత్తీగల విషయమున 2003 నాటి విద్యుచ్చట్టపు 68వ సెక్షను చూడదగినది. తీగలకు అడ్డమైన చెట్టును తొలగింపించుటకు పంపిణీసంస్థవారు మేజిస్ట్రేటునకు గాని, ప్రభుత్వము నియమించిన అధికారికి గాని దరఖాస్తు చేసికొనవచ్చును. కాని అదే సెక్షనులోని తరువాతి యుపవిభాగమున, తీగలు వేయుటకు ముందునుండియే చెట్టున్నచో దాని యజమానికి సముచితమైన పరిహారమిప్పింపవలెనని యున్నది. చెట్టు ముందా, తీగ ముందా యను ప్రశ్నకు ఇంత విలువ కలదు! వానకాలమునకు ముందు తీగలవెంబడి కొమ్మలు కొట్టు పనివారు వచ్చి చెట్టును ఒకవైపున చెక్కినట్లు చేసిపోవుట మన మందరము చూచుచున్న దృశ్యము. అట్లు ఒకవైపు బరువు పోయిన చెట్టు రెండవవైపునకు ఒరిగి, తుపానుగాలిలో ఇంటిమీద పడును. అప్పుడు తప్పు చెట్టుమీద మోపబడును.

పొరుగువాని చెట్టుకొమ్మ మన ప్రహరీలోనికి వచ్చినచో, అతని నేలలో కాలుపెట్టకుండ, మన గోడగీతవరకు కొమ్మను కొట్టుకొనవచ్చునని ఇంగ్లండున ప్రభువులసభ లెమ్మన్-వెబ్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. మనదేశమునను ఇట్లు పైకివచ్చు కొమ్మలు ఉపద్రవముగనే పరిగణింపబడును. అయితే కొట్టిన కొమ్మమీది మామిడికాయలు ఎవరివి? కొట్టినవానివి కావు, చెట్టు యజమానివే. 1919లో మిల్స్-బ్రూకరు వ్యాజ్యమున ఇంగ్లీషు న్యాయస్థానము, పొరుగువాని కొమ్మ కొట్టి కాయలు అమ్ముకొన్నవానిచేత సొమ్ము కట్టించినది. మన యిండ్ల ఆచారము దీనికంటె మేలైనది. కొమ్మ కొట్టకయే కాయలలో పాలు పంచుకొందురు.

కొమ్మలు కొట్టుటకు అనుమతియున్నను ఎట్లు కొట్టవలెనో తెలియనిచో ఆ యనుమతి మరణశాసనమే. కొమ్మ మ్రానునుండి పుట్టుచోట ఉబ్బిన మెడవంటి భాగముండును. దానిని గాయపరుపక, దాని వెలుపలి అంచున కొట్టవలెను. మ్రానుతో సమముగా చెక్కినచో గాయము పెద్దదై కుళ్లు లోపలికి దిగును. జానెడు మోడు మిగిల్చినచో ఆ మోడు ఎండి చెదలకు నివాసమగును. బరువైన కొమ్మను ఒక్కవేటున కొట్టినచో అది విరుగునపుడు మ్రాను బెరడును చీల్చుకొనిపోవును. కావున ముందుగా మూరెడు దూరమున క్రిందినుండి సగము రంపముకోత, దానికి కొంచెము వెలుపల పైనుండి కోత, కొమ్మ పడినతరువాత మిగిలిన మోడును మెడయొద్ద తీసివేయుట - ఇట్లు మూడు కోతలుగా చేయవలెను. ఒక్క సంవత్సరములో ఆకుగల కొమ్మలలో నాలుగవవంతుకంటె ఎక్కువ తీయరాదని వృక్షవైద్యుల మతము. తల నరకి బోడి చేయుట అన్నింటికంటె హీనము. తరువాత పుట్టు కొమ్మలు గుంపుగా, బలహీనముగా పుట్టి మొదటి గాలికే విరుగును. కోసినచోట తారు పూయుటవలన మేలు లేదని అమెరికాలో అలెక్స్ షైగో అను వృక్షశాస్త్రవేత్త వేలకొలది చెట్లను కోసి చూచి తేల్చెను. చెట్టు జంతువువలె గాయపడిన కణములను మరల నిర్మించుకొనదు. ఆ భాగముచుట్టు లోపల అడ్డుగోడలు కట్టుకొని, పైన క్రొత్తకొయ్య పెంచి మూసివేయును. ఆ పనికి మన తారు సాయపడదు. వన్యప్రాణి సంరక్షణచట్టము (1972) షెడ్యూళ్లలో చేరిన పక్షుల గూండ్లను, గ్రుడ్లను చెరచుటను వేటగా నెంచును గనుక కొమ్మ కొట్టుటకు ముందు పైకి ఒకసారి చూచుట మంచిది.

నాటుట విషయమున శాసనము తక్కువ, వివేకము ఎక్కువ కావలెను. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నపట్టణమున వేలకొలది చెట్లను కూల్చినప్పుడు, త్వరగా పెరిగి అందముగా పూయు తురాయి వంటి పరదేశపు చెట్లే యెక్కువగా కూలినవని చూచినవారు చెప్పిరి. వేప, కానుగ, మఱ్ఱి, రావి, మద్ది వంటివి మన గాలికి, మన నేలకు అలవాటుపడినవి. వీనిలోను మఱ్ఱి, రావులు ఇరుకువీధికి తగవు. వేళ్లు పునాదులలోనికి పోవును. పది పన్నెండడుగుల సందునకు కానుగ చాలును. కోనోకార్పసు అను మొక్కను మన పురపాలకసంఘములు పదియేండ్లపాటు రోడ్ల నడుమ వరుసలుగా నాటి, తరువాత దానివలన శ్వాసరోగులకు కీడని తెలిసి వెనుకంజవేసినవి. తమిళనాడు ప్రభుత్వము 2025 జనవరిలో దానిని నిషేధించినది.

పరదేశపు చెట్టువలన కలిగిన కీడునకు ఇంతకంటె పెద్ద కథ సర్కారు తుమ్మది. తమిళులు దీనిని 'సీమ కరువేల'మందురు. 1877 ప్రాంతమున కట్టెల కొరత తీర్చుటకై దీని విత్తనములను తెప్పించి మద్రాసు అటవీశాఖవారు మొదట నాటినది మన కడప జిల్లా కమలాపురముననే. అచటినుండి అది దక్షిణదేశమంతట వ్యాపించి, పాలారు ఇసుకలోను చెరువుల గర్భములలోను కాలూనినది. వేలచెట్టు పేరుగల యూరిలో అసలు వేలము అరుదై, సీమవేలము నలుదెసల నిండినది. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము దీనిని తొలగింపుడని యాజ్ఞాపించినది. ఆ యేటనే హైకోర్టు ఆ పనిని కొంతకాలము నిలిపివేసినది. 2022లో రాష్ట్రప్రభుత్వము ఆక్రమణకర వృక్షజాతులను గూర్చి ఒక విధానము ప్రకటించినది. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆరంభమైన హరిత తమిళనాడు ఉద్యమము, రాష్ట్రవిస్తీర్ణమున నూటికి 33 వంతులు అడవియు చెట్లును ఉండవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఆ లెక్కలో సర్కారు తుమ్మ కొట్టివేయుచు, కానుగ నాటవలసియున్నది. కొట్టుట సులభము. కొట్టిన మొదలునుండి అది మరల చిగిర్చును గనుక వేరుతో తీయవలెను. తీసినచోట వెంటనే వేరొకటి నాటనిచో ఇసుకకు మరల అదే దిక్కు.

వీధిచెట్ల మొదళ్లచుట్టు సిమెంటు పోయుట మన పట్టణములలో క్రొత్తగా వచ్చిన వ్యాధి. చెట్టునకు ఆహారమందించు సన్నని వేళ్లలో చాలభాగము నేలపైపొరలోని రెండడుగులలోపలనే యుండి, కొమ్మల నీడకు వెలుపలి వరకు ప్రాకును. సిమెంటు క్రింద వానికి గాలి నీరు అందవు. ఢిల్లీలోని చెట్లచుట్టు మీటరు మేర సిమెంటు తొలగింపుడని జాతీయ హరిత న్యాయమండలి 2013 ఏప్రిల్‌లో ఉత్తరువిచ్చినది. మన వీధిలో క్రొత్త కాలిబాట వేయునపుడు ఈ యుత్తరువును చూపి, చెట్టుమొదట చదరము విడిచిపెట్టుడని కంట్రాక్టరును ముందే అడుగవచ్చును. బాట పూర్తియైనపిమ్మట అడిగినచో ఎవరును వినరు.

అర్జీ వ్రాయు పద్ధతిని చెప్పి ముగించెదను. మనవారిలో ఇంట తెలుగు మాటాడుచు తమిళమే వ్రాయనేర్చినవారు ఎక్కువ గనుక అర్జీ తమిళమున వ్రాయుటకు కష్టముండదు. చదువురాని పెద్దలకు సంఘమువారు వ్రాసిపెట్టవచ్చును. వీధిచెట్టైనచో కార్పొరేషను లేక మునిసిపల్ కమిషనరునకు, పొరంబోకైనచో తహసీల్దారునకు, నేల ఎవరిదో తెలియనిచో సోమవారపు ప్రజాఫిర్యాదుల దినమున కలెక్టరాఫీసునందు ఈయవచ్చును. రసీదు తప్పక తీసికొనవలెను. అర్జీలో చెట్టు జాతి, మనిషి రొమ్మెత్తున మ్రాను చుట్టుకొలత, ఏ యింటి కెదుట నున్నది, సర్వే నంబరు, రహదారి చెట్టైనచో దానిమీద సున్నపుపట్టెలో వ్రాసిన నంబరు ఉండవలెను. ఎండినదా, ఒరిగినదా, వేళ్లు గోడను చీల్చుచున్నవా స్పష్టముగా వ్రాయవలెను. 'చెట్టును తొలగింపుడు' అని మొదటనే వ్రాయక, ఏ కొమ్మ ఏ యింటిమీదికి వ్రాలినదో చెప్పి దానినే కోరవలెను. పిదప గ్రామపరిపాలనాధికారి వచ్చి చూచును. చెట్టు కొట్టవలసివచ్చినచో అటవీశాఖవారు కలపకు వెలకట్టుదురు. హరితసమితి యొప్పినపిదప వేలము జరుగును. అర్జీ యిచ్చినది మనమే యైనను, చెట్టు మన గడపయెదుటనే కూలినను, ఆ కలప మనది కాదు. పాడుకొన్నవాడు వచ్చి తీసికొనిపోవువరకు ఒక్క పుల్లయు పొయ్యిలోనికి పోరాదు.